దూరపు సర్వరుకు ఫైళ్లు పంపే సాధనాన్ని ఎంచుకునే పద్ధతి

అద్దెకు తీసుకున్న సర్వరుకు ఫైళ్లు పంపడానికీ, అక్కడి ఫోల్డరునూ కార్యాలయంలోని ఫోల్డరునూ ఒకే తీరుగా ఉంచడానికీ సాధనాలు చాలా ఉన్నాయి. వాటిలో ఏది వాడాలని అడిగేవారు ముందుగా వేగం గురించీ ఎన్‌క్రిప్షన్ (దారిలో ఎవరూ చదవలేకుండా సమాచారాన్ని మార్చడం) గురించీ అడుగుతారు. మంచి సాధనాల మధ్య వేగంలో తేడా తక్కువే. ఎన్‌క్రిప్షన్ సంగతి చూస్తే, నమ్మదగినవిగా పేరు పొందిన సాధనాలు దాదాపు అన్నీ ఎస్ఎస్‌హెచ్ (దూరపు కంప్యూటరులోకి రహస్యంగా లాగిన్ అయ్యే పద్ధతి) మీదనో టీఎల్ఎస్ (భద్రమైన వెబ్‌సైట్లు వాడే పద్ధతి) మీదనో నడుస్తున్నాయి కాబట్టి అది చాలావరకు తీరిన సమస్య. సాధనాన్ని నిర్ణయించవలసిన ప్రశ్నలు వేరే ఉన్నాయి. ఫైళ్లు ఒకవైపు నుంచి రెండోవైపుకే వెళతాయా, రెండు వైపులా మారుతూ ఉంటాయా? ఏ ప్రతిని అసలు ప్రతిగా ఎంచాలి? అవతల ఉన్న ఫైలును చెరిపే అధికారం ఎవరి చేతిలో ఉండాలి? సింక్ చేసే, అంటే రెండు ఫోల్డర్లనూ ఒకేలా ఉంచే సాధనం ఎంత భద్రమైన దారిలో నడిచినా, కొత్త ఫైలును చేరవేసినంత నమ్మకంగానే తొలగింపును కూడా అవతలికి చేరవేస్తుంది. అందువల్ల మూడో ప్రశ్నకు జవాబు కాగితం మీద రాసుకున్న తరువాతే సాధనాల పేర్ల జోలికి వెళ్లాలని నా అభిప్రాయం.

ఉదాహరణకు ఒక చిన్న ప్రచురణ కార్యాలయాన్ని ఊహించుకుందాం. అక్కడ పాత పత్రికల పుటలను స్కాన్ చేసి సర్వరులో భద్రపరుస్తారు. ఒక వెబ్‌సైటు నడుపుతారు. ఇద్దరు ముగ్గురు సంపాదకులు వేర్వేరు ఊళ్లలో కూర్చుని ఒకే ఫోల్డరులోని రాతప్రతుల మీద పని చేస్తారు. బయటి చిత్రకారులు ముఖచిత్రాలు పంపుతుంటారు. పైకి ఇవన్నీ ఫైళ్లు పంపే పనిలాగే కనిపిస్తాయి గానీ, నిజానికి ఇవి నాలుగు వేర్వేరు పనులు. నాలుగింటికీ ఒకే సాధనం, ఒకే లాగిన్ వాడడం వల్లనే చాలాచోట్ల చిక్కులు మొదలవుతాయి.

ముందుగా పక్కన పెట్టవలసింది

ఎఫ్‌టీపీ అనే పాత ఫైలు బదిలీ పద్ధతిని కొత్త పనికి వాడకూడదు. కాన్పూరు ఐఐటీ తొలి బృందంలో చదివి, తరువాత ఎంఐటీలో పని చేసిన అభయ్ భూషణ్ 1971లో దాని మొదటి నిర్వచనాన్ని రాశారు. నెట్‌వర్కులో ఉన్నవారందరూ దాదాపు ఒకరికొకరు తెలిసిన కాలమది. ఇప్పటికీ ప్రామాణికంగా ఉన్న రూపం 1985 నాటిది. అందులో వాడుకరి పేరు, పాస్‌వర్డు, ఫైలు అన్నీ ఏ ముసుగూ లేకుండా వెళతాయి కాబట్టి, దారిలో ఏ రూటరు దగ్గర వినేవారికైనా అవి చదవడానికి వీలుగానే ఉంటాయి. 1995లో హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయపు నెట్‌వర్కులో ఎవరో ఇలాగే పాస్‌వర్డులను ఏరుకున్న తరువాత అక్కడి పరిశోధకుడు తాతు యులోనెన్ ఎస్ఎస్‌హెచ్‌ను రూపొందించారు. ఫైర్‌ఫాక్స్, క్రోమ్ బ్రౌజర్లు 2021లో ఎఫ్‌టీపీని పూర్తిగా తొలగించాయి. అయినా తక్కువ ధర హోస్టింగ్ ఖాతా తీసుకున్నవారికి మొదటి ఈమెయిలులోనే ఎఫ్‌టీపీ పాస్‌వర్డు రావడం ఇప్పటికీ చూస్తున్నాము. అలాంటప్పుడు ఎస్ఎస్‌హెచ్ లేదా ఎస్ఎఫ్‌టీపీ సౌకర్యం ఉందా అని హోస్టింగ్ సంస్థను అడగాలి. చాలా సంస్థలు అడిగితే ఇస్తాయి.

ఇక్కడ పేర్లు తికమక పెడతాయి. ఎఫ్‌టీపీఎస్ అంటే పాత ఎఫ్‌టీపీకే టీఎల్ఎస్ కవచం తొడిగినది. ఎస్ఎఫ్‌టీపీ మాత్రం పాత ఎఫ్‌టీపీతో ఏ సంబంధమూ లేకుండా ఎస్ఎస్‌హెచ్ లోపల నడిచే వేరే ప్రోటోకాల్. రెండూ ఎన్‌క్రిప్ట్ చేస్తాయి. కానీ ఎఫ్‌టీపీఎస్ ఆజ్ఞలకు ఒక కనెక్షన్, ఫైళ్లకు మరో కనెక్షన్ తెరుస్తుంది కాబట్టి ఫైర్‌వాల్‌లో పోర్టుల (కనెక్షన్లు వచ్చే ద్వారాల) వరుసనే తెరిచి ఉంచవలసి వస్తుంది. ఎస్ఎఫ్‌టీపీకి 22వ పోర్టు ఒక్కటి చాలు. బ్యాంకో మరో పెద్ద సంస్థో ఎఫ్‌టీపీఎస్ తప్పనిసరి అన్నప్పుడు తప్ప, ఎస్ఎఫ్‌టీపీనే ఎంచుకోవాలి.

పునాది: కీలు, సర్వరు వేలిముద్ర

సర్వరు మీద ఎస్ఎస్‌హెచ్‌ను నడిపే ప్రోగ్రాము అయిన ఓపెన్ఎస్ఎస్‌హెచ్ ఉంటే ఎస్ఎఫ్‌టీపీ, ఎస్‌సీపీ, ఆర్‌సింక్, యూనిసన్ (ఫైళ్లు పంపే సాధనాలు; ఒక్కొక్కటీ కింద వస్తుంది) అన్నీ దాని మీదే నడుస్తాయి. అందుకని సాధనం మీద పెట్టే శ్రద్ధకన్నా ఎక్కువ శ్రద్ధ ఈ పునాది మీద పెట్టాలి.

కొత్త సర్వరుకు మొదటిసారి కనెక్ట్ అయినప్పుడు, ఈ సర్వరు వేలిముద్ర (దాన్ని గుర్తుపట్టే సంకేతాల వరుస) ఇది, నమ్మమంటారా అని ప్రోగ్రాము అడుగుతుంది. అందరూ అవునని కొట్టేస్తారు. ఎస్ఎస్‌హెచ్ ఇచ్చే రక్షణ అంతా ఆ ఒక్క జవాబు మీదే ఆధారపడి ఉంది. మధ్యలో మరో యంత్రం నిలబడి తానే సర్వరునని చెప్పుకుంటే, ఎన్‌క్రిప్షన్ ఎంత బలమైనదైనా మనం ఆ దొంగతోనే రహస్యంగా మాట్లాడుతున్నట్టు అవుతుంది. కాబట్టి హోస్టింగ్ సంస్థ ఇచ్చే వెబ్ కన్సోలులోకి వెళ్లి, సర్వరు సొంత వేలిముద్రను అక్కడ చూసి, తెర మీద కనిపించేదానితో పోల్చి, అప్పుడు అవునని చెప్పాలి. ఆ వేలిముద్రను కార్యాలయంలో అందరికీ అందేచోట రాసి ఉంచాలి. తరువాత ఎప్పుడైనా వేలిముద్ర మారిందనే హెచ్చరిక వస్తే, సర్వరును కొత్తగా ఇన్‌స్టాల్ చేశారా అని తెలుసుకునేవరకు పని ఆపాలి. హెచ్చరిక పోవడానికి పాత నమోదును చెరిపేసి ముందుకు సాగే అలవాటు చాలా ప్రమాదకరమైనది.

లాగిన్‌కు పాస్‌వర్డు కాకుండా కీల జత (మన దగ్గర దాచుకునే ప్రైవేట్ కీ, సర్వరుకు ఇచ్చే పబ్లిక్ కీ) వాడాలి. ఈడీ25519 రకం కీ చిన్నది, వేగమైనది. 2023 అక్టోబరులో వచ్చిన ఓపెన్ఎస్ఎస్‌హెచ్ 9.5 నుంచి కీ తయారుచేసే ఆజ్ఞ ఏ రకమూ చెప్పకపోతే దీన్నే ఇస్తుంది. ప్రైవేట్ కీకి తప్పకుండా పాస్‌ఫ్రేజు పెట్టాలి. ఒక కీని ఇద్దరు పంచుకోకూడదు. ఒక్కొక్క మనిషికి ఒక కీ, ఒక్కొక్క యంత్రానికి ఒక కీ, మనిషి ప్రమేయం లేకుండా రాత్రివేళ నడిచే పనికి విడిగా మరో కీ ఉండాలి. ఎవరైనా ఉద్యోగం మానినా, లాప్‌టాప్ పోయినా, సర్వరులోని అధీకృత కీల జాబితాలో ఆ ఒక్క వరుసను తీసివేస్తే సరిపోతుంది. అందరి కీలూ పనిచేస్తున్నాయని రుజువైన తరువాత పాస్‌వర్డు లాగిన్‌ను, రూట్ (సర్వరు మీద సర్వాధికారాలున్న ఖాతా) లాగిన్‌ను మూసివేయాలి. మూసే సమయంలో ఒక సెషన్‌ను తెరిచే ఉంచి, రెండో కిటికీ నుంచి కొత్తగా లాగిన్ అవుతుందో లేదో చూసుకోవడం మంచిది.

అంతగా ప్రచారంలో లేని సదుపాయం ఒకటి ఇక్కడే ఉంది. అధీకృత కీల జాబితాలో ప్రతి కీ ముందూ షరతులు రాయవచ్చు. ‘రెస్ట్రిక్ట్’ అనే ఒక్క మాట రాస్తే ఆ కీకి పోర్టు ఫార్వర్డింగు, టెర్మినలు వంటివన్నీ ఆగిపోతాయి. ‘ఫ్రమ్’ అని రాసి ఐపీ చిరునామా ఇస్తే ఆ చిరునామా నుంచి తప్ప ఆ కీ పనిచేయదు. ‘కమాండ్’ అని రాసి ఒక ఆజ్ఞను ఇస్తే, ఆ కీతో వచ్చినవారు ఏమి అడిగినా సర్వరు ఆ ఒక్క ఆజ్ఞనే నడుపుతుంది. రాత్రివేళ తనంతట తాను నడిచే పనికి పాస్‌ఫ్రేజు లేని కీ ఇవ్వవలసి వచ్చినప్పుడు, ఈ షరతులు లేకుండా ఇవ్వకూడదు.

ఒకే దిక్కుకు వెళ్లే ఫైళ్లు: ఆర్‌సింక్

స్కాన్ చేసిన పుటలను తీసుకుందాం. ఏ4 పరిమాణంలోని ఒక పుటను 300 డీపీఐలో రంగుల్లో స్కాన్ చేసి, కుదించకుండా టిఫ్‌గా దాస్తే దాదాపు 26 మెగాబైట్లు అవుతుంది. 200 పుటల పుస్తకం 5 గిగాబైట్లు దాటుతుంది. అప్‌లోడ్ వేగం 20 ఎంబీపీఎస్ ఉన్న కనెక్షన్ మీద అది పూర్తిగా అందినా అరగంటకు పైగా పడుతుంది. అదే 600 డీపీఐ అయితే నాలుగింతలు. ఇంతసేపు నడిచే పనిలో కరెంటు పోవడం, కనెక్షన్ తెగడం సహజం కాబట్టి, తెగినచోట నుంచి అందుకోగల సాధనం కావాలి.

ఎస్‌సీపీ ఈ పనికి తగదు. ఒక ఫైలును చప్పున పంపడానికి అది సులువే గానీ, సగంలో ఆగితే మళ్లీ మొదటి నుంచి పంపుతుంది. దాని పాత ప్రోటోకాల్‌లో లోపాలు ఉన్నాయని, సరిదిద్దడం కష్టమని 2019లో ఓపెన్ఎస్ఎస్‌హెచ్ బృందమే చెప్పింది. 2022లో వచ్చిన 9.0 నుంచి ఎస్‌సీపీ ఆజ్ఞ లోపల ఎస్ఎఫ్‌టీపీనే వాడుకుంటున్నది.

ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మెకెరాస్ 1996లో విడుదల చేసిన ఆర్‌సింక్ ఈ పనికి సరిపోయే సాధనం. రెండు వైపులా ఉన్న ఫైలును ముక్కలుగా చూసి, ఒక్కొక్క ముక్కకు చిన్న సంకేత సంఖ్యను లెక్కగట్టి, మారిన ముక్కలను మాత్రమే పంపడం దాని గొప్పతనం. అయితే ఆ గుణం పెద్ద డేటాబేస్ ప్రతికి, పెరుగుతూ ఉండే లాగ్ ఫైలుకు పనికొస్తుంది గానీ, ప్రతిరోజూ కొత్తగా పుట్టే స్కాన్లకు దానివల్ల పెద్ద లాభం లేదు. మనకు ఉపయోగపడేవి వేరే గుణాలు. ఇదివరకే చేరిన ఫైళ్లను పరిమాణం, మార్పు సమయం చూసి వదిలేస్తుంది. ఫైలు పూర్తిగా చేరేవరకు తాత్కాలికమైన పేరుతో ఉంచి, చేరిన తరువాతే అసలు పేరు పెడుతుంది. ‘పార్షియల్’ ఆప్షన్ ఇస్తే తెగిన ఫైలులో చేరినంత భాగాన్ని పారవేయకుండా దాస్తుంది. ఆఫీసు వేళల్లో మిగిలినవారి ఇంటర్నెట్ నెమ్మదించకుండా ‘బీడబ్ల్యూలిమిట్’తో వేగానికి హద్దు పెట్టవచ్చు. దారిలో కుదించే ఆప్షన్ కుదించని టిఫ్‌లకూ పాఠ్యానికీ మేలు చేస్తుంది. జేపెగ్, వీడియో, జిప్ ఫైళ్లకు మాత్రం ప్రాసెసరు శ్రమ తప్ప ఏమీ మిగలదు.

ఆర్‌సింక్ నేర్చుకునేవారు తప్పనిసరిగా గమనించవలసినది గీత విషయం. మూలం ఫోల్డరు పేరు చివర / ఉంటే ఆ ఫోల్డరులోని ఫైళ్లు వెళతాయి. లేకపోతే ఆ ఫోల్డరే గమ్యంలో ఉపఫోల్డరుగా తయారవుతుంది. ఈ చిన్న తేడాకు ‘డిలీట్’ ఆప్షన్ తోడైతే గమ్యంలో అప్పటివరకు ఉన్నదంతా మూలంలో లేనిదిగా లెక్కకు వచ్చి తుడిచిపెట్టుకుపోవచ్చు. అందుకే ‘డిలీట్’ ఉన్న ఏ ఆజ్ఞనైనా ముందుగా ‘డ్రై రన్’తో నడిపి, ఏవేవి చెరపబోతున్నదో జాబితా చదవాలి.

అంతకన్నా దొంగచాటుగా వచ్చే ప్రమాదం మరొకటి ఉంది. స్కాన్లు బయటి హార్డ్ డిస్కులో ఉన్నాయనుకోండి. ఒక రాత్రి ఆ డిస్కు మౌంట్ కాలేదు, అంటే కంప్యూటరుకు అందలేదు. అది ఉండవలసిన ఫోల్డరు మాత్రం ఖాళీగా అక్కడే ఉంది. ‘డిలీట్’తో నడిచే ఆర్‌సింక్ ఖాళీ ఫోల్డరును అసలు ప్రతిగా భావించి, సర్వరులో ఉన్నవన్నీ చెరిపి ఆ శూన్యాన్ని యథాతథంగా అవతల నెలకొల్పుతుంది. చదవడంలో లోపం ఎదురైతే ఆర్‌సింక్ తొలగింపులను తనంతట తానే ఆపుతుంది, కానీ ఖాళీ ఫోల్డరును చదవడంలో లోపమేమీ ఉండదు కదా. దీనికి మూడు అడ్డుకట్టలు వేయాలి. డిస్కులో ఒక గుర్తు ఫైలు ఉంచి, అది కనిపిస్తేనే స్క్రిప్టు ముందుకు సాగేలా రాయాలి. ‘మ్యాక్స్ డిలీట్’ ఆప్షన్‌తో ఒక విడతలో ఇన్నింటికన్నా ఎక్కువ ఫైళ్లు చెరపరాదని సంఖ్య ఇవ్వాలి. ‘బ్యాకప్ డైరెక్టరీ’ ఆప్షన్‌తో, చెరిపేవీ మారేవీ తేదీ పేరున్న వేరే ఫోల్డరులోకి వెళ్లేలా చేయాలి.

స్కాన్ల విషయంలో ఇంకా ఒక అడుగు ముందుకు వెళ్లవచ్చు. భద్రపరచిన పుటలను కార్యాలయం నుంచి చెరపవలసిన అవసరమే లేదు. అటువంటప్పుడు చెరపవద్దని మనకు మనం చెప్పుకునేకన్నా, చెరపనివ్వవద్దని సర్వరుకు చెప్పడం గట్టి పద్ధతి. ఆర్‌సింక్‌తో పాటే వచ్చే ‘ఆర్‌ఆర్‌సింక్’ అనే చిన్న స్క్రిప్టును పైన చెప్పిన ‘కమాండ్’ షరతులో పెట్టి, దానికి ఒక ఫోల్డరు పేరు ఇస్తే, ఆ కీతో వచ్చినవారు ఆ ఫోల్డరు దాటి వెళ్లలేరు. ‘రైట్ ఓన్లీ’ ఆప్షన్ ఇస్తే పంపగలరు గానీ తిరిగి తీసుకోలేరు. కొత్త వెర్షన్లలో ‘నో డెల్’ ఆప్షన్ ఇస్తే తొలగించే ఆజ్ఞలను సర్వరు తిరస్కరిస్తుంది. కార్యాలయం కంప్యూటరులో దొంగ ప్రోగ్రాము చేరినా, ఎవరైనా పొరపాటున ‘డిలీట్’ రాసినా, చెరిపే అధికారం ఆ కీకి లేదు. ఉన్న ఫైలు మీద మరొకదాన్ని రాసే ప్రమాదం మాత్రం దీనితో పోదు కాబట్టి, సర్వరు వైపు స్నాప్‌షాట్లు (ఆ సమయానికి ఉన్నది ఉన్నట్టుగా దాచిన ప్రతులు) కూడా ఉండాలి.

వెబ్‌సైటుకు ఇదే సాధనాన్ని వేరే నియమంతో వాడాలి. అక్కడ పాత ఫైలు మిగిలిపోవడమే ప్రమాదం కాబట్టి ‘డిలీట్’ అవసరం. అయితే పాఠకులు అప్‌లోడ్ చేసిన బొమ్మల ఫోల్డరు వంటివి సర్వరులోనే పుడతాయి. వాటిని ‘ఎక్స్‌క్లూడ్’ జాబితాలో చేర్చకుండా మొదటి ప్రచురణ చేయకూడదు.

ఒక హెచ్చరిక కూడా ఇక్కడే చెప్పాలి. ఆర్‌సింక్‌ను ఎస్ఎస్‌హెచ్ లేకుండా 873వ పోర్టులో, ఎప్పుడూ వెనకాల నడిచే సొంత డీమన్‌గా కూడా నడపవచ్చు. ఆ దారిలో ఎన్‌క్రిప్షన్ లేదు. 2025 జనవరిలో ఆర్‌సింక్‌లో ఆరు లోపాలు బయటపడి 3.4.0 వెర్షన్‌లో సరిదిద్దబడ్డాయి. వాటిలో అతి తీవ్రమైనది ఈ డీమన్‌కు సంబంధించినదే. బహిరంగంగా అందరికీ ఫైళ్లు పంచే మిర్రర్ సర్వరుకు తప్ప డీమన్ అవసరం ఎవరికీ రాదు.

విండోస్‌లో పని చేసేవారికి

కమాండ్ లైను అలవాటు లేని సహోద్యోగులను బలవంతం చేయనక్కరలేదు. 2000 ప్రాంతం నుంచి మార్టిన్ ప్రిక్రిల్ అభివృద్ధి చేస్తున్న విన్‌ఎస్‌సీపీ విండోస్ మీద నా మొదటి ఎంపిక. రెండు పలకల్లో రెండు వైపుల ఫోల్డర్లూ కనిపిస్తాయి. సింక్ చేసేముందు ఏది ఎటు వెళుతుందో, ఏది చెరగబోతున్నదో జాబితాగా చూపి అనుమతి అడుగుతుంది. స్క్రిప్టులు కూడా రాయవచ్చు. మ్యాక్ వాడేవారికి సైబర్‌డక్, అన్ని వ్యవస్థల మీదా ఒకే రూపం కావాలనుకునేవారికి ఫైల్‌జిల్లా ఉన్నాయి. ఫైల్‌జిల్లాలో సైట్ల జాబితాకు మాస్టర్ పాస్‌వర్డు పెట్టకుండా సర్వరు పాస్‌వర్డులను దాయకూడదు. వీటిని అధికారిక సైటు నుంచే దించుకోవాలి. వెతికినప్పుడు పైన కనిపించే ప్రకటనల్లోంచి దించుకున్నది అసలు ప్రోగ్రాము కాకపోవచ్చు.

పాత కీల గురించి ఒక మాట. 2024 ఏప్రిల్‌లో ఎస్ఎస్‌హెచ్ లాగిన్‌కు విండోస్‌లో వాడే పుట్టీ ప్రోగ్రాము 0.68 నుంచి 0.80 వరకు వెర్షన్లలో ఒక లోపం బయటపడింది. ఈసీడీఎస్ఏ రకంలో పీ-521 కీలతో చేసిన సంతకాలు అరవై వరకు చేజిక్కితే ప్రైవేట్ కీనే లెక్కగట్టవచ్చని తేలింది. విన్‌ఎస్‌సీపీ, ఫైల్‌జిల్లా కూడా ఆ భాగాన్నే వాడుకుంటాయి కాబట్టి వాటికీ అది వర్తించింది. ప్రోగ్రామును అప్‌డేట్ చేసినంత మాత్రాన పాత కీ భద్రం కాదు. ఆ రకం కీని ఆ వెర్షన్లతో వాడినవారు దాన్ని సర్వరు నుంచి తొలగించి కొత్తది చేసుకోవాలి.

రెండు వైపులా మారే ఫోల్డరు

సంపాదకుల పని స్వభావమే వేరు. నెల్లూరులో ఒకరు, డాలస్‌లో ఒకరు ఒకే రాతప్రతిని ఒకే పూట దిద్దవచ్చు. ఆర్‌సింక్‌ను ఇటు ఒకసారి, అటు ఒకసారి నడిపి ఈ పని చేయించాలని చూడకూడదు. గత విడతలో ఫోల్డరు ఎలా ఉండేదో ఆర్‌సింక్‌కు గుర్తుండదు కాబట్టి, ఒకవైపు లేని ఫైలు కొత్తగా అవతల పుట్టిందా, ఇవతల చెరిపేశారా అన్నది అది తేల్చలేదు. చెరిపిన ఫైళ్లు తిరిగి వస్తుంటాయి, లేదా కొత్త ఫైళ్లు మాయమవుతుంటాయి.

ఆ జ్ఞాపకం ఉన్న సాధనాల్లో రెండింటిని గట్టిగా సిఫారసు చేయగలను. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో బెంజమిన్ పియర్స్ బృందం రూపొందించిన యూనిసన్ ఎస్ఎస్‌హెచ్ మీద నడుస్తుంది. మనం పిలిచినప్పుడే పని చేస్తుంది, రెండువైపులా మారిన ఫైలు ఎదురైతే తానుగా నిర్ణయించకుండా మనల్ని అడుగుతుంది. ఒకప్పుడు రెండు యంత్రాల మీదా ఒకే వెర్షన్ ఉండాలన్న నిబంధన చాలామందిని విసిగించింది. 2.52 నుంచి ఆ ఇబ్బంది సడలింది. కాబట్టి రెండు వైపులా అంతకన్నా కొత్త వెర్షన్ ఉందో లేదో చూసుకోవాలి.

2013 చివర్లో జాకబ్ బోర్గ్ విడుదల చేసిన సింక్‌థింగ్ దీనికి భిన్నమైనది. ఎప్పుడూ వెనకాల నడుస్తూ, మార్పు జరిగిన కొద్ది సేపటికే మిగిలిన యంత్రాలకు చేరవేస్తుంది. ప్రతి యంత్రానికీ దాని సర్టిఫికెట్ నుంచి పుట్టిన పొడవైన గుర్తింపు సంఖ్య ఉంటుంది. రెండు యంత్రాలూ ఒకదాన్నొకటి అంగీకరిస్తే తప్ప ఫైలు కదలదు. నేరుగా కలవలేనప్పుడు రిలే సర్వర్ల గుండా వెళ్లినా, రిలే నడిపేవారు లోపలి సమాచారాన్ని చదవలేరు. ఒకే ఫైలును ఇద్దరు దిద్దితే ఒక ప్రతిని ‘సింక్ కాన్‌ఫ్లిక్ట్’ అనే మాట, తేదీ ఉన్న పేరుతో పక్కన ఉంచుతుంది. ఆ ఫైళ్లను వారానికొకసారైనా వెతికి, కలిపి, తీసివేసే బాధ్యత ఒకరికి అప్పగించాలి. లేకపోతే ఎవరి దిద్దుబాట్లో ఒకరివి ఎవరూ చూడని ప్రతిలో మిగిలిపోతాయి.

సర్వరు మీద సింక్‌థింగ్ పెట్టేటప్పుడు దాని వెబ్ పేజీని 8384వ పోర్టులో ప్రపంచానికి తెరవకూడదు. అది మొదటి నుంచి స్థానికంగానే ఉంటుంది. దాన్ని అలాగే ఉంచి, అవసరమైనప్పుడు ఎస్ఎస్‌హెచ్ సొరంగం గుండా చూడాలి. సర్వరు వైపు ఫైల్ వెర్షనింగ్ తప్పకుండా ఆన్ చేయాలి. ఎవరైనా చెరిపినా, ఒక యంత్రంలో ర్యాన్సమ్‌వేర్ చేరి ఫైళ్లన్నిటినీ పాడుచేసినా, పాత ప్రతులు సర్వరులో మిగులుతాయి. ఫోనును కూడా ఈ వలయంలో చేర్చాలనుకునేవారు, ఆండ్రాయిడ్‌కు అధికారిక యాప్ 2024 డిసెంబరుతో ఆగిపోయిందన్న సంగతిని లెక్కలోకి తీసుకోవాలి.

సంపాదకులు రోజుకొకసారి కలుపుకుంటే చాలనుకుంటే యూనిసన్, రోజంతా కలిసి ఉండాలంటే సింక్‌థింగ్ అని నేను విభజిస్తాను. డేటాబేస్ ఫైళ్లను, నడుస్తున్న వర్చువల్ మెషీన్ల డిస్కులను మాత్రం ఈ రెండింటిలో దేనికీ అప్పగించకూడదు.

బయటివారి నుంచి తీసుకోవడం

ముఖచిత్రం పంపే చిత్రకారుడికి సర్వరులో షెల్ (ఆజ్ఞలు నడిపే సదుపాయం) అవసరం లేదు, ఇతరుల ఫైళ్లు కనిపించనవసరం లేదు. ఓపెన్ఎస్ఎస్‌హెచ్‌లో ఒక గుంపును ఏర్పరచి, ఆ గుంపులోని వాడుకరులకు ఎస్ఎఫ్‌టీపీ మాత్రమే నడిచేలా, ఒక ఫోల్డరే వారికి మొత్తం ప్రపంచంలా కనిపించేలా బంధించవచ్చు. ఇక్కడ చాలామంది ఒకచోట ఆగిపోతారు. బంధించే ఫోల్డరు, దాని పైనున్న ఫోల్డర్లు అన్నీ రూట్ యాజమాన్యంలో ఉండాలి, ఇంకెవరికీ రాసే అనుమతి ఉండకూడదు. లేకపోతే లాగిన్ వెంటనే తెగిపోతుంది. దాని లోపల మరో ఉపఫోల్డరు చేసి, రాసే అనుమతి దానికి ఇవ్వాలి. ఎస్ఎఫ్‌టీపీ సర్వరుకు కొన్ని రకాల అభ్యర్థనలను నిరాకరించమని చెప్పే వీలు కూడా ఉంది కాబట్టి తొలగింపును, పేరు మార్పును నిరాకరించవచ్చు. వచ్చిన ఫైళ్లను రోజూ ఒక స్క్రిప్టుతో అక్కడి నుంచి లోపలి ఫోల్డరుకు తరలిస్తే ఇంకా మంచిది.

వెబ్ పేజీ ద్వారా ఫైళ్లు ఇచ్చి పుచ్చుకునే వాణిజ్య ఉత్పత్తులు చూడడానికి ఇంపుగా ఉంటాయి. కానీ 2023 మే నెలాఖరులో మూవ్‌ఇట్ ట్రాన్స్‌ఫర్ అనే ఉత్పత్తిలో ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ (డేటాబేసుకు దొంగ ఆజ్ఞలు పంపగలిగే) లోపాన్ని పట్టుకుని క్లాప్ అనే ముఠా రెండు వేలకు పైగా సంస్థల సమాచారాన్ని దోచుకుంది. దారిలో ఎన్‌క్రిప్షన్ ఉన్నా, ఇంటర్నెట్‌కు తెరిచిన ఒకే పెట్టెలో ఫైళ్లు పేరుకుని ఉండడం నష్టాన్ని పెంచింది. అందిన ఫైలును అక్కడే ఉంచకుండా వెంటనే తరలించాలనడానికి కారణం ఇదే.

అమెజాన్ ఎస్3 వంటి క్లౌడ్ నిల్వకు పంపేవారికి నిక్ క్రెయిగ్-వుడ్ రాసిన ఆర్‌క్లోన్ సరైనది. అందులో ‘కాపీ’ ఏదీ చెరపదు, ‘సింక్’ చెరుపుతుంది. ‘క్రిప్ట్’ అనే పొరను వాడితే ఫైళ్లు మన యంత్రం దాటకముందే ఎన్‌క్రిప్ట్ అవుతాయి. ఆ పాస్‌వర్డు పోతే మాత్రం ఎవరూ తెరవలేరు కాబట్టి దాన్ని కాగితం మీద కూడా రాసి భద్రపరచాలి.

తెలుగు పేర్లున్న ఫైళ్లు

ఇంగ్లీషు మార్గదర్శకాల్లో కనిపించని భాగం ఇది. మన ఫైళ్లకు తెలుగు పేర్లు పెట్టుకునే హక్కును వదులుకోనవసరం లేదు, కానీ మూడు సంగతులు తెలిసి ఉండాలి.

లైనక్స్‌లో సాధారణంగా వాడే ఎక్స్‌ట్4 ఫైల్ సిస్టంలో పేరు 255 బైట్లకు మించకూడదు. యూటీఎఫ్-8లో తెలుగులోని ప్రతి సంకేతానికీ, అంటే అక్షరానికీ గుణింతపు గుర్తుకూ పొల్లుకూ కూడా, మూడేసి బైట్లు పడతాయి. ‘హైదరాబాద్’ అన్న పేరొక్కటే 27 బైట్లు. మొత్తం మీద 85 సంకేతాలతో హద్దు ముగుస్తుంది. విండోస్‌లోని ఎన్‌టీఎఫ్ఎస్ హద్దును మరో రకంగా లెక్కిస్తుంది కాబట్టి, అక్కడ చక్కగా ఇమిడిన పొడవైన వ్యాసం పేరు సర్వరుకు వెళ్లేటప్పుడు తిరస్కరణకు గురవుతుంది.

రెండోది ఐత్వం. తెలుగు యూనికోడ్‌లో ఐత్వపు గుర్తును ఒకే సంకేతంగానూ రాయవచ్చు, ఎత్వం, దాని కింది గుర్తు అని రెండు సంకేతాలుగా విడదీసి కూడా రాయవచ్చు. చూపుకు తేడా ఉండదు. పాత మ్యాక్‌లలోని హెచ్ఎఫ్ఎస్ ప్లస్ ఫైల్ సిస్టం పేర్లను విడదీసి దాస్తుంది. లైనక్స్ మాత్రం ఇచ్చిన బైట్లను ఇచ్చినట్టే ఉంచుతుంది. అందువల్ల ‘డైరీ’, ‘శైలి’ వంటి పేర్లున్న ఫైళ్లు సర్వరులో ఒకే పేరుతో రెండేసి కనిపించవచ్చు. ‘డిలీట్’తో నడిచే సింక్ అయితే ఒకదాన్ని చెరిపి మరొకదాన్ని మళ్లీ పంపుతూ ఉంటుంది. అలాంటి మ్యాక్ నుంచి పంపేటప్పుడు ఆర్‌సింక్ 3 వెర్షన్‌ను విడిగా ఇన్‌స్టాల్ చేసుకుని ‘ఐకాన్వ్’ ఆప్షన్ వాడాలి. ఇప్పటికే కలగలిసిన ఫోల్డరును ‘కన్వ్‌ఎమ్‌వి’ అనే సాధనంతో కలిపి రాసే రూపానికి మార్చవచ్చు. మనం స్పష్టంగా చెప్పేవరకు అది ఏమీ మార్చకుండా ఏమి మారుతుందో మాత్రమే చూపుతుంది. పేరు చివర పొల్లు తరువాత కొన్ని కీబోర్డులు వదిలే కనిపించని సంకేతం కూడా ఇలాంటి జంటలనే పుట్టిస్తుంది.

మూడోది భయపడనవసరం లేని సంగతి. రాత్రి నడిచిన పని లాగ్‌లో తెలుగు పేర్ల బదులు \#340\#260 వంటి అంకెల వరుసలు కనిపిస్తే ఫైళ్లు పాడైనట్టు కాదు. ఆ స్క్రిప్టుకు యూటీఎఫ్-8 లొకేల్ (భాష, లిపి అమరిక) లేకపోవడం వల్ల ఆర్‌సింక్ బైట్లను అలా చూపుతున్నది. స్క్రిప్టు మొదట్లో లొకేల్‌ను అమర్చితే లాగ్ చదవడానికి వీలవుతుంది.

బ్యాకప్, అప్‌డేట్లు, లాగ్‌లు

సింక్‌ను బ్యాకప్‌గా లెక్కించకూడదు. 2021 డిసెంబరులో క్యోటో విశ్వవిద్యాలయపు సూపర్ కంప్యూటరులో, పాత లాగ్‌లను చెరపవలసిన స్క్రిప్టును అది నడుస్తుండగానే మార్చడం వల్ల, దాదాపు 77 టెరాబైట్ల పరిశోధకుల ఫైళ్లు చెరిగిపోయాయి. ఆ స్క్రిప్టు బ్యాకప్ వ్యవస్థకు చెందినదే. మనలాంటి చిన్నవారికి పనికొచ్చే ఏర్పాటు ఏమిటంటే, సర్వరు నుంచి బ్యాకప్ యంత్రానికి పంపడం కాకుండా, బ్యాకప్ యంత్రమే చదివే అనుమతి మాత్రమే ఉన్న కీతో సర్వరు నుంచి లాక్కోవాలి. అప్పుడు సర్వరు పరుల చేతిలో పడినా పాత ప్రతులను వారు తాకలేరు. ఆర్‌సింక్‌లోని ‘లింక్ డెస్ట్’ ఆప్షన్‌తో రోజుకొక ఫోల్డరు ఉంచుకోవచ్చు. మారని ఫైళ్లకు అదనపు చోటు పట్టదు.

ఎంత పేరున్న సాధనమైనా లోపాలకు అతీతం కాదు. 2024 జులైలో ఓపెన్ఎస్ఎస్‌హెచ్‌లోనే లాగిన్ లేకుండా లోపలికి రాగలిగే లోపం బయటపడి 9.8లో సరిదిద్దబడింది. డెబియన్, ఉబుంటు సర్వర్లలో భద్రతా అప్‌డేట్లు తమంతట తామే ఇన్‌స్టాల్ అయ్యేలా అమర్చాలి. ఈ వ్యవస్థలు వెర్షన్ సంఖ్యను మార్చకుండానే దిద్దుబాటును చేరుస్తాయి కాబట్టి, పాత సంఖ్య చూసి కంగారు పడకుండా ప్యాకేజీ మార్పుల పట్టికను చూడాలి.

భారతదేశంలోని సంస్థలు ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాలను కూడా గుర్తుంచుకోవాలి. వాటి ప్రకారం లాగ్‌లను 180 రోజులు ఉంచాలి, భద్రతా ఘటనను గమనించిన 6 గంటల్లో తెలియజేయాలి. ఎస్ఎఫ్‌టీపీ ఏ ఫైలు ఎవరు తెరిచారో మామూలుగా రాయదు. ఎస్ఎస్‌హెచ్ కాన్ఫిగరేషన్‌లో దాని లాగ్ స్థాయిని ‘ఇన్ఫో’కు పెంచితే రాస్తుంది.

ఎంపిక ఖాయం చేసేముందు ఒక నమూనా ఫోల్డరుతో పరీక్షించాలి. అందులో పెద్ద టిఫ్ ఒకటి, వందలాది చిన్న ఫైళ్లు, పొడవైన తెలుగు పేరున్నది, ఐత్వం ఉన్న పేరు, ఖాళీ ఉపఫోల్డరు ఉండాలి. పంపుతుండగా నెట్‌వర్క్ కేబులు లాగి, మళ్లీ పెట్టి, పని ఎక్కడి నుంచి అందుకుంటుందో చూడాలి. ఒకే ఫైలును రెండు వైపులా మార్చి చూడాలి. మూలం ఫోల్డరు పేరును కాసేపు మార్చి, ఖాళీ ఫోల్డరును దాని స్థానంలో పెట్టి, అడ్డుకట్టలు పని చేస్తున్నాయో లేదో చూడాలి. చివరగా, ఏర్పాటు చేసినవారు కాకుండా మరొకరు, రాసి ఉంచిన సూచనల కాగితం ఒక్కటే చేతబట్టుకుని, నిన్నటి ప్రతి నుంచి చెరిపిన ఒక ఫైలును వెనక్కి తేవాలి. వారు ఎక్కడ తడబడితే ఆ వాక్యాన్ని కాగితంలో తిరగరాసి, మరొకరి చేత మళ్లీ చేయించాలి.